మిలాన్‌లో ఉద్యోగం, చేతిలో రెండు రోజులు: ఫ్లోరెన్సా, వెనిసా, రవెన్నానా?

ఆన్‌సైట్ పనిమీద మిలాన్ వచ్చినవాళ్ళకు శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం రాత్రి దాకానే ఊళ్ళు తిరగడానికి వీలు. పెర్మెస్సో (ఇటలీలో నివాస అనుమతి) కార్డు ఇంకా రాక, వీసా గడువు దాటి, పోస్టాఫీసు రసీదుతోనే నెట్టుకొస్తున్నవాళ్ళైతే మిగతా షెంగెన్ దేశాల వైపు చూడటానికి కూడా లేదు. ఇటలీలోనే తిరగాలి. అది శిక్షేమీ కాదు లెండి.

ఊరిని పేరు చూసి ఎంచుకుంటే చాలామందికి దెబ్బ తగిలేది ఆదివారమే. చాలా చర్చిల్లో పూజలు జరుగుతుంటాయి కాబట్టి పొద్దున చూసేవాళ్ళని లోపలికి వదలరు. అందుకని ఏ ఊరైనా శనివారం చర్చిలు, ఆదివారం మ్యూజియంలు పెట్టుకోవాలి. ఈ లెక్కకు ఏ ఊరు బాగా ఒదుగుతుందో, ఎంత ముందు బుక్ చేసుకోగలరో, ఈ రెండూ తేలితే ఎంపిక దానంతటదే తేలుతుంది.

ముందు రైళ్ళ సంగతి. మిలాన్ చెంత్రాలే నుంచి ఫ్లోరెన్స్ సాంతా మరియా నొవెల్లాకు హైస్పీడ్ రైళ్ళు ఫ్రెచ్చారోస్సాలోనైనా ఇతాలోలోనైనా రెండు గంటల లోపే. వెనిస్ సాంతా లుచియాకు దాదాపు రెండున్నర గంటలు. రవెన్నాకు నేరుగా హైస్పీడ్ రైలు లేదు. బొలోన్యాదాకా గంట పైచిలుకు, అక్కడ దిగి రెజొనాలె (ప్రాంతీయ రైలు) పట్టుకుంటే ఇంకో గంటంబావు. హైస్పీడ్ టికెట్ల ధర విమానం టికెట్లలాగే పెరుగుతుంది. మూడు నాలుగు వారాల ముందు కొన్నదానికీ ప్రయాణం రోజు కొన్నదానికీ మూడు రెట్ల తేడా ఉండవచ్చు. చవకరకం సూపర్ ఎకానమీ టికెట్టుకు మార్పు లేదు, డబ్బు వాపసు రాదు. శుక్రవారం సాయంత్రానికి ఆ టికెట్ కొన్నారా, క్లయింట్ కాల్ అరగంట సాగితే చాలు, డబ్బులు పోయినట్టే. శనివారం పొద్దున రైలుకు చవక టికెట్, ఆదివారం తిరుగు ప్రయాణానికి మార్చుకునే వీలున్న బేస్ టికెట్ తీసుకోవడం తెలివైన పని. రెజొనాలె ధర మాత్రం ఎప్పుడు కొన్నా ఒకటే. కాగితం టికెట్ అయితే ఎక్కేముందు ప్లాట్‌ఫారం దగ్గరి మెషీన్‌లో ముద్ర వేయించాలి, ఫోన్ టికెట్ అయితే చెక్ ఇన్ నొక్కాలి. మరిచిపోతే టికెట్ ఉన్నా జరిమానా కట్టాల్సిందే.

ఫ్లోరెన్స్ ముందే బుక్ చేసుకున్నవాళ్ళ ఊరు. స్టేషన్ నుంచి దువోమోకు (ఊరి ప్రధాన చర్చికి) పది నిమిషాల నడక, చూడాల్సినవన్నీ దాదాపు ఆ చుట్టుపక్కలే. చర్చి లోపలికి ఉచితమే గానీ ఆదివారం చూసేవాళ్ళకు మూసేస్తారు. 1420లో మొదలుపెట్టి 1436లో బ్రునెల్లెస్కి ముగించిన గుమ్మటం ఎక్కాలంటే 463 మెట్లు, లిఫ్టు లేదు. సగం దూరం లోపలి గోడకూ బయటి గోడకూ మధ్య, ఒక మనిషి పట్టే దారిలో పైకి పోతారు. మధ్యలో వజారి, జుక్కారి గీసిన తుది తీర్పు చిత్రం పక్కనే నడవా వస్తుంది. కిందినుంచి బొమ్మల్లా కనిపించిన దెయ్యాలు అక్కడ మనిషికన్నా పెద్దవని తెలుస్తుంది. టికెట్‌లో రాసిన సమయానికే రావాలి, తర్వాత మార్చరు. రైలు దిగే సమయానికీ గుమ్మటం టైముకూ మధ్య కనీసం గంటన్నా ఉంచండి, ఎందుకంటే పెద్ద బ్యాగు లోపలికి రానివ్వరు, దాన్ని ఎక్కడో అప్పజెప్పి రావాలి. మోకాళ్ళ నొప్పి, ఇరుకంటే భయం ఉన్నవాళ్ళు దీని జోలికి పోవద్దు, మధ్యలో వెనక్కి తిరగడం కుదరదు.

ఆదివారానికి ఉఫ్ఫీజి చిత్రకళా మ్యూజియం. సీజన్‌లో 25 యూరోలు, ముందు బుక్ చేసినందుకు ఇంకో 4. లోపల మూడు గంటలు తక్కువ కాదు. సోమవారం సెలవు కాబట్టి వారాంతపు జనానికి ఇబ్బంది లేదు. నెలలో మొదటి ఆదివారం ప్రభుత్వ మ్యూజియంలన్నీ ఉచితం, ఉఫ్ఫీజి, దావీదు విగ్రహం ఉన్న అక్కాదేమియా సహా. వినడానికి బాగుంటుంది కానీ ఆ రోజు టైము బుక్ చేసుకునే వీలుండదు, పూటంతా వరుసలోనే గడుస్తుంది. అంత దూరం పోయి 25 యూరోల కోసం సగం రోజు పోగొట్టుకోవడం మన లెక్కలో గిట్టుబాటు కాదు. రెండు వారాల ముందైనా ఏదీ బుక్ చేయకపోతే ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకు ఫ్లోరెన్స్ ఆలోచనే మానుకోండి.

వెనిస్‌కు టికెట్ల ప్రణాళికకన్నా ఒక రాత్రి బస ముఖ్యం. పొద్దున వచ్చి సాయంత్రం పోయే జనమే ఆ ఊరిని నింపేస్తారు. వాళ్ళు రైలెక్కాక ఉండే వెనిస్ వేరు. పైగా 2024లో మొదలైన నిబంధన ప్రకారం, వసంతం మొదలుకొని జులై చివరిదాకా శుక్ర, శని, ఆదివారాల్లో, ఉదయం 8:30 నుంచి సాయంత్రం 4 లోపు వచ్చే పగటి సందర్శకులు ప్రవేశ రుసుము కట్టాలి. 2025లో ముందే కట్టినవాళ్ళకు 5, ఆఖర్న కట్టినవాళ్ళకు 10 యూరోలు. రాత్రి బస చేసేవాళ్ళకు ఇది లేదు, అయినా సైటులో పేరు నమోదు చేసి మినహాయింపు క్యూఆర్ తీసుకోవాలి. గడ్డమీదున్న మేస్త్రె కూడా వెనిస్ నగరపాలన కిందిదే, కాబట్టి అక్కడి హోటల్లో దిగినా మినహాయింపే. మేస్త్రెలో గదులు చవక, సాంతా లుచియాకు రైల్లో పది పన్నెండు నిమిషాలు. ఒక్కటే గుర్తుంచుకోండి: రైల్లో ముందు వచ్చేది మేస్త్రె, వెనిస్ అన్న పేరు చూసి చాలామంది అక్కడే దిగిపోతారు.

చక్రాల సూట్‌కేసు తీసుకెళ్ళకండి. నాలుగు వందలకు పైగా వంతెనలున్న ఊరు, వాటిలో ఎక్కువ మెట్లవే. వాపొరెత్తో (ఊళ్ళో బస్సులా తిరిగే) పడవకు 75 నిమిషాల టికెట్ 9.50 యూరోలు, 24 గంటలది 25. మూడుసార్లు ఎక్కితే రెండోదే మేలు. స్టేషన్ ముందు 1వ నంబరు పడవెక్కి ముందు వరుసలో కూర్చుంటే సన్ మార్కో దాకా పెద్దకాలువంతా ముప్పావుగంటలో చూసేయవచ్చు. గొందోలా పగటిపూట అరగంటకు 90, రాత్రి 7 దాటాక 110 యూరోలు. ఇది పడవకు, మనిషికి కాదు, ఐదుగురు ఎక్కవచ్చు. అంత మోజు లేకపోతే కాలువ దాటించే త్రగెత్తో ఉంది, 2 యూరోలు, రెండు నిమిషాలు, అదీ గొందోలా తరహా పడవే.

సన్ మార్కో చర్చి ఆదివారం మధ్యాహ్నం నుంచే, కాబట్టి శనివారమే ముగించండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా జనం తక్కువ, గదులు చవక, కానీ నీరు పొంగే కాలం. 2020 అక్టోబరు నుంచి సముద్రపు పోటును అడ్డే మోసె గేట్లు పనిచేస్తున్నాయి కదా అంటారు. అవి సాధారణంగా 110 సెంటీమీటర్ల పోటు అంచనా ఉంటేనే లేస్తాయి. సన్ మార్కో చౌకు ఊళ్ళో అన్నిటికన్నా పల్లం, 80-85 దగ్గరే తడుస్తుంది. గేట్లున్నా చౌకులో చీలమండలోతు నీళ్ళుండేది అందుకే.

రవెన్నా పేరు మనవాళ్ళలో చాలామంది వినరు. మొజాయిక్ (చిన్న రంగు ముక్కలు పేర్చి చేసిన) చిత్రాల ఊరు ఇది. ఏమీ బుక్ చేయకుండా శుక్రవారం రాత్రి అనుకుని శనివారం పోయే ఊరు మాత్రం ఈ మూడింట్లో ఇదొక్కటే. ముఖ్యమైన కట్టడాలు అయిదింటికి ఒకే టికెట్. స్టేషన్ నుంచి నడిచే దూరంలోనే అన్నీ. గల్లా ప్లాచీదియా సమాధి మందిరం బయటికి మామూలు ఇటుక గది, శిలువ ఆకారం. కిటికీలకు గాజు బదులు పలచని అలబాస్టర్ పలకలు. లోపలికి అడుగుపెట్టిన నిమిషానికి గానీ కన్ను కుదురుకోదు, ఆ తర్వాత కప్పంతా ముదురు నీలం మీద బంగారు నక్షత్రాలు లేస్తాయి. అయిదు నిమిషాలే ఉండనిస్తారు కనుక ఫోన్ తీయకుండా మొదట తలెత్తి చూడండి. దీనికి టైము చెప్పించుకోవాలి, టికెట్ కొనేటప్పుడే అడగండి. పక్కనే 547లో ప్రతిష్ఠించిన సన్ విటాలె చర్చి, బైజాంటీన్ చక్రవర్తి జస్టినియన్, రాణి థియొడోరా చిత్రాలు అందులోనే.

సంత్ అపొల్లినారె నువోవో చర్చిలో కుడి గోడ మీద రాజభవనం బొమ్మ దగ్గర ఆగండి. గోతుల రాజు థియొడోరిక్ ఆస్థానం మనుషులు అక్కడ ఉండేవారు. బైజాంటీన్లు ఊరిని పట్టుకున్నాక వాళ్ళను పీకేసి తెరలు అతికించారు. స్తంభాల మీద మాత్రం తెగిన చేతులు ఇంకా ఉన్నాయి, వెతికితే కనబడతాయి.

రవెన్నాలో కాకుండా బొలోన్యాలో రాత్రి ఉంటే తిరుగు రైలు సులువు. కానీ వర్తక ప్రదర్శనలున్న వారం గదుల ధర ఆకాశంలో ఉంటుంది, ముందు చూసుకోండి. బొలోన్యా వాలు గోపురం గరిసెందా ప్రమాదంగా మారడంతో పక్కనున్న 498 మెట్ల అసినెల్లి గోపురాన్ని కూడా 2023 అక్టోబరులో మూసేశారు. దానికి బదులు 666 కమానుల కింద సన్ లూకా కొండ ఎక్కండి, వానలోనూ తడవరు. స్టేషన్‌లో హైస్పీడ్ ప్లాట్‌ఫారాలు 16 నుంచి 19 భూమికింద లోతున ఉంటాయి, పైకి రావడానికే అయిదారు నిమిషాలు. పైన 1వ ప్లాట్‌ఫారం వేరు, 1 ఓవెస్ట్ (పడమర) వేరు. రైలు మారడానికి ఇరవై నిమిషాలైనా ఉంచుకోండి.

శాకాహారులకు మూడూ ఇబ్బందే, రకాలు వేరు. ఫ్లోరెన్స్‌లో రొట్టె వేసి వండే చిక్కటి సూపులు పప్ప అల్ పొమొదోరో (టమాటాతో), రిబొల్లీతా (కూరగాయలతో) కడుపు నింపుతాయి, మాంసం రసంతో వండారేమో అడగాలి. వెనిస్‌లో చిరుతిళ్ళు ఎక్కువగా చేపలే. రవెన్నా పియదీనా (మడిచిన పలచని రొట్టె)లో చీజు, ఆకుకూర మాత్రమే పెట్టించుకున్నా రొట్టెపిండిలో పందికొవ్వు కలుపుతారు. "సెన్సా స్ట్రుత్తో" అనండి, ఆలివ్ నూనెతో చేసింది చాలా చోట్ల దొరుకుతుంది.

చిన్నపిల్లల బండి ఉంటే రవెన్నా, నడవలేని పెద్దవాళ్ళుంటే ఫ్లోరెన్స్ (గుమ్మటం వదిలేసి), ఇద్దరే అయితే చలికాలంలో వెనిస్. ఏది తీసుకున్నా సరే, బయల్దేరే వారం మొదట్లో సమ్మె ప్రకటనలు చూడండి. రైల్వే సమ్మెలు తరచు శనివారం రాత్రి 9 నుంచి ఆదివారం రాత్రి 9 దాకా పెడతారు. పొద్దున 6-9, సాయంత్రం 6-9 తప్పక నడిపే రెజొనాలె హామీ పనిదినాలకే, ఆదివారానికి లేదు. హైస్పీడ్‌లో నడిచే రైళ్ళ జాబితా ముందే ఇస్తారు, రవెన్నా నుంచి బొలోన్యాకు మాత్రం ఆ రోజు ఆశ పెట్టుకోకండి.