చిన్న యూనివర్సిటీ ఫుట్‌బాల్ సీజన్ టికెట్: 13 సీజన్లు కూర్చున్నాక

వాడిన కాలం 2012 నుంచి 2025 దాకా. 2020ని లెక్కలోంచి తీసేశాను, కోవిడ్ వల్ల ఆ ఏడాది మాలాంటివాళ్ళని స్టేడియంలోకి రానివ్వలేదు. సీటు మా జట్టు బెంచీకి సరిగ్గా వెనక, 21వ వరస, అల్యూమినియం బల్ల. రేటింగ్ అయిదుకి మూడు. 2016లో అడిగుంటే నాలుగున్నర ఇచ్చేవాణ్ణి.

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే హెల్మెట్లు పెట్టుకుని ఒకళ్ళనొకళ్ళు గుద్దుకునే అమెరికన్ ఆట. యూనివర్సిటీ పేరు చెప్పను. అందరూ మ్యాక్ అని పిలిచే మిడ్-అమెరికన్ కాన్ఫరెన్స్‌లో ఆడేవి ఒహాయోలో ఆరున్నాయి, వాటిలో ఒకటి. ఎం.ఎస్.కి మనవాళ్ళు బాగానే వచ్చే ఊరు కాబట్టి ఎవరో ఒకరు కనిపెట్టేస్తారు. కానివ్వండి.

నేనూ అలా వచ్చినవాణ్ణే, 2010 ఆగస్టులో. మొదటి సెమిస్టర్ బిల్లులో ట్యూషన్ కింద జనరల్ ఫీ అని ఇంకో లైను ఉంది. ఇదేంటని అడిగితే సీనియర్లు జిమ్‌కీ బస్సుకీ అన్నారు. అందులో మంచి ముక్క ఆటల విభాగానికి వెళ్తుందని చాలా ఏళ్ళకి తెలిసింది. మ్యాక్ లాంటి కాన్ఫరెన్సుల్లో ఆటల బడ్జెట్‌లో సగానికి పైగా విద్యార్థుల ఫీజుల నుంచీ, యూనివర్సిటీ మామూలు నిధుల నుంచీ వచ్చేదే. గ్రోసరీ బిల్లు నలుగురం పైసలతో సహా పంచుకుంటున్న రోజుల్లో, ఒక్క మ్యాచ్ కూడా చూడకుండానే నేను ఈ టీమ్‌కి చందా కట్టాను. ఆ సంగతి తెలిసుంటే మొదటి సీజన్ నుంచే వెళ్ళేవాణ్ణి. స్టూడెంట్ కార్డు చూపిస్తే లోపలికి ఉచితం మరి.

ఉద్యోగం కూడా అదే ఊళ్ళో దొరికింది. సీజన్ టికెట్ కొన్నాను. టీవీలో కనిపించే లక్షమంది స్టేడియం కాదిది. మైదానం దగ్గరగా ఉంటుంది. భుజాలకి కట్టుకున్న ప్యాడ్లు తగిలినప్పుడు ఖాళీ బిందె జారి పడ్డ చప్పుడు మా వరస దాకా వినిపిస్తుంది. కోచ్ ఎవర్ని తిడుతున్నాడో, ఎందుకు తిడుతున్నాడో కూడా వినిపిస్తుంది. అన్నిటికంటే నాకు నచ్చింది ఒక కుర్రాణ్ణి నాలుగేళ్ళు వరసగా చూడటం.

58వ నంబరు అబ్బాయి ఉండేవాడు, లైన్‌మన్, అంటే బంతి పట్టుకోకుండా ముందు వరసలో ఎదుటివాళ్ళని గుద్దేవాడు. 2013లో వాక్-ఆన్‌గా వచ్చాడు. అంటే స్కాలర్‌షిప్ ఏమీ లేదు, ఫీజు తనే కట్టుకుని, ఆడనిస్తే ఆడతానని వచ్చినవాడు. మొదటి ఏడాది బట్టలకి మట్టే అంటలేదు. రెండో ఏడాది బంతిని కాలితో తన్నే సమయాల్లో మాత్రం దింపారు. మూడో ఏడాది సగం మ్యాచ్‌లు, నాలుగో ఏడాది అన్నీ. వాళ్ళమ్మ మాకు మూడు వరసల ముందు కూర్చునేది. ఒకసారి ఆవిడ బ్రౌనీలు పంచితే మేం చేగోడీలు ఇచ్చాం. ఒకటి నోట్లో వేసుకుని, "ఇవి ఇంకో డబ్బా ఉన్నాయా?" అంది. ఆ తర్వాత ప్రతి హోమ్ గేమ్‌కీ మా ఆవిడ రెండు డబ్బాలు సర్దేది. ఆ అబ్బాయి పేరు నాలుగేళ్ళలో మైకులో విన్నది రెండుసార్లో మూడుసార్లో. లైన్‌మన్ పేరు మైకులో వచ్చిందంటే పెనాల్టీ పడిందనే అర్థం. ఆఖరి మ్యాచ్ రోజు తల్లీకొడుకులు చెయ్యీ చెయ్యీ పట్టుకుని మైదానం మధ్యకి నడుస్తుంటే మా వరస వరసంతా లేచి నిలబడింది.

మారడం 2021లో మొదలైంది. ఆ జూన్‌లో సుప్రీం కోర్టు ఆల్‌స్టన్ కేసులో తొమ్మిదికి తొమ్మిది మంది జడ్జీలూ, కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏకి వ్యతిరేకంగా తీర్పిచ్చారు. జులై 1 నుంచి ఆటగాళ్ళు తమ పేరు మీద, ఫోటో మీద సంపాదించుకోవచ్చని ఎన్‌సీఏఏ ఒప్పుకుంది. దీన్నే ఎన్ఐఎల్ అంటారు. అదే ఏడాది, వేరే యూనివర్సిటీకి మారితే ఒక సీజన్ ఖాళీగా కూర్చోవాలన్న పాత రూల్ మొదటిసారి మారేవాళ్ళకి తీసేశారు. 2024కి ఎన్నిసార్లయినా మారొచ్చనే దాకా వచ్చింది. ఈ రెండిట్లో ఏదో ఒకటే వచ్చుంటే మాలాంటి జట్లు తట్టుకునేవేమో. రెండూ కలిసి వచ్చేసరికి మొక్క మా పెరట్లో, కాయ పక్కింట్లో అన్నట్టు అయింది. ఒహాయో యూనివర్సిటీ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి దాడి నడిపేవాడు) కర్టిస్ రోర్క్ 2022లో మ్యాక్ మొత్తానికీ మేటి అఫెన్స్ ఆటగాడు. 2024లో పెద్ద కాన్ఫరెన్స్ జట్టు ఇండియానాకి వెళ్ళాడు, ఆ ఏడాది ఇండియానా 11 మ్యాచ్‌లు గెలిచి ప్లేఆఫ్ ఆడింది. టీవీలో చూస్తూ చప్పట్లు కొట్టాను. కడుపులో ఎక్కడో మండింది కూడా.

మా ఇంట్లో కథ ఇంకా చిన్నది. 2022లో మా అబ్బాయి 7వ నంబరు జెర్సీ కావాలని పట్టుబట్టాడు, వెనక ఆటగాడి పేరున్నది. పేరుతో జెర్సీ అమ్మడం కుదిరిందే ఎన్ఐఎల్ పుణ్యాన. అందులో కొంత ఆ కుర్రాడికే వెళ్తుంది కదా అని సంతోషంగానే కొన్నాను. డిసెంబర్‌లో అతను ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో, అంటే వేరే యూనివర్సిటీకి మారాలనుకునేవాళ్ళ జాబితాలో, పేరు ఇచ్చాడు. ఫోన్లో వార్త చూపిస్తే మావాడు ఏడవలేదు. "మరి ఇప్పుడు నేను ఏ టీమ్ నాన్నా?" అన్నాడు. ఆ జెర్సీ ఇప్పుడు రాత్రిపూట నిద్రకి. అప్పట్నుంచీ పేరు లేనివే కొంటున్నాం.

ఇక 2025. జూన్ 6న జడ్జి క్లాడియా విల్కెన్, ఆటగాళ్ళు ఎన్‌సీఏఏ మీద వేసిన హౌస్ కేసు రాజీకి ఆమోదం ఇచ్చారు. జులై 1 నుంచి యూనివర్సిటీలే ఆటగాళ్ళకి నేరుగా డబ్బు ఇవ్వొచ్చు, మొదటి ఏడాదికి ఒక్కో యూనివర్సిటీ గరిష్ఠంగా సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా. పాత ఆటగాళ్ళకి పదేళ్ళలో దాదాపు 280 కోట్ల డాలర్ల బకాయి. ఆ బకాయిలో కొంత, ఎన్‌సీఏఏ ఏటా చిన్నా పెద్దా యూనివర్సిటీలకి పంచే వాటాల్లో కోసి కడుతున్నారు. విందు తిన్నది వేరేవాళ్ళు, బిల్లు మాత్రం బల్ల మీద అందరికీ. పెద్ద కాన్ఫరెన్స్ బిగ్ టెన్‌కి టీవీ ఒప్పందం ఏడేళ్ళకి 700 కోట్ల డాలర్ల పైమాట. మ్యాక్‌ 2014లో ఈఎస్‌పీఎన్‌తో చేసుకున్నది 13 ఏళ్ళకి 10 కోట్ల చిల్లర. అందరికీ పంచితే ఏడాదికి ఒక్కోళ్ళకి పది లక్షల డాలర్లు కూడా రావు. దాని కోసమే నవంబర్‌లో ఎక్కువగా మంగళ, బుధవారం రాత్రుళ్ళు ఆడతారు. శనివారం టీవీలో మాకు చోటుండదు మరి. పొద్దున్నే పిల్లలకి స్కూలు, చేతివేళ్ళు కొంకర్లు పోయే చలి, స్టేడియంలో మనుషుల కన్నా బల్లలు ఎక్కువ కనిపిస్తాయి. టీవీలో చూసేవాళ్ళకి అదో సరదా. టికెట్ కొన్నవాడికి కాదు.

మరి డబ్బు ఎక్కణ్ణుంచి? విద్యార్థుల ఫీజు, దాతలు, ఆ తర్వాత గ్యారంటీ గేమ్. సెప్టెంబర్‌లో పెద్ద జట్టు ఊరికెళ్ళి వాళ్ళ ప్రేక్షకుల ముందు చిత్తుగా ఓడి, చెక్కు తీసుకుని రావడం. దెబ్బలు తిన్నందుకు కూలి అనుకోండి. 2024లో కెంట్ స్టేట్ టెనెస్సీ చేతిలో 71-0, వారం తిరిగేసరికి పెన్ స్టేట్ చేతిలో 56-0. ఆ ఏడాది 12 ఆడి 12 ఓడింది. అలాంటి మ్యాచ్ ఒకటి చూడ్డానికి నేనూ మా జట్టు వెంట వెళ్ళాను. మూడో క్వార్టర్‌కే మా బెంచీ మీద ముగ్గురు మోకాళ్ళకి ఐస్ కట్టుకుని కూర్చున్నారు. వచ్చే వారం మా ఊళ్ళో మ్యాచ్‌కి ఆ ముగ్గురూ లేరు. చెక్కు యూనివర్సిటీకి, కుంటి జట్టు మాకు.

అయినా నిజం చెప్పాలి, ఒక్కోసారి ఈ గ్యారంటీ గేమే ఏడాదంతటికీ సరిపడా ఆనందం ఇస్తుంది. 2024 సెప్టెంబర్ 7న మ్యాక్‌లోని నార్తర్న్ ఇల్లినాయ్, 14 లక్షల డాలర్లు తీసుకుని నోటర్ డేమ్‌కి వెళ్ళి 16-14తో గెలిచింది. ఆ సమయానికి ఇండియన్ గ్రోసరీలో బెండకాయలు ఏరుతున్నాను. ఫోన్ బుట్టలో ఆనించి ఆఖరి నిమిషాలు చూశాను. అది నా జట్టేం కాదు, అయినా బిల్లు కౌంటర్ దగ్గర కేక వేశాను. ఆ నార్తర్న్ ఇల్లినాయ్ కూడా 2026లో ఫుట్‌బాల్‌కి మ్యాక్ వదిలేసి మౌంటెన్ వెస్ట్ అనే ఇంకో కాన్ఫరెన్స్‌కి మారడానికి ఒప్పుకుంది.

ఇదంతా చదివి, పిల్లలకి డబ్బు ఇవ్వడం నాకు ఇష్టం లేదనుకోకండి. కోచ్‌లు లక్షల్లో జీతాలు తీసుకుంటూ, మంచి ఆఫర్ రాగానే సీజన్ అయ్యీ అవకముందే వెళ్ళిపోతుంటే ఎవరూ కిక్కురుమనలేదు. మోకాళ్ళు అరగదీసుకునేది కుర్రాళ్ళు. నా సంగతే చూడండి, హెచ్-1బీ ట్రాన్స్‌ఫర్ పెట్టుకుని మూడు కంపెనీలు మారాను, మూడుసార్లూ జీతం పెరుగుతుందనే. నాకు విశ్వాసం లేదని ఎవరూ అనలేదు, పార్టీ అడిగారు. ఇరవై ఏళ్ళ కుర్రాడు అదే పని చేస్తే బాధపడే హక్కు నాకుందా అంటే లేదు. బాధ మాత్రం ఉంది.

ఎఫ్-1 మీద ఉన్నవాళ్ళకి ఈ ముక్క బాగా అర్థమవుతుంది. కాలేజీ జట్లలో బంతిని తన్నే పంటర్లు చాలామంది ఆస్ట్రేలియా కుర్రాళ్ళు. వాళ్ళదీ విద్యార్థి వీసాయే. పక్క లాకర్ వాడు ఊళ్ళో కార్ల డీలర్ యాడ్‌లో నటించి డబ్బు తీసుకోవచ్చు. ఇతను అదే పని చేయాలంటే క్యాంపస్ బయట ఉద్యోగం చేసినట్టవుతుందేమోనని లాయర్‌ని అడగాలి. వారానికి ఇరవై గంటలు దాటకుండా టైమ్‌షీట్ రాసుకున్న రోజులు నాకు గుర్తొచ్చాయి.

58వ నంబరు అబ్బాయి ఇవాళ వస్తే ఏమవుతాడు? హౌస్ రాజీ తెచ్చిన కొత్త ఏర్పాటులో చేరిన యూనివర్సిటీలు ఫుట్‌బాల్‌కి 105 మందిని మించి ఉంచుకోకూడదు. పాత పద్ధతిలో 85 స్కాలర్‌షిప్‌లే హద్దు, వాక్-ఆన్‌లని ఎంతమందినైనా చేర్చుకునేవాళ్ళు. మాదీ కొత్త ఏర్పాటులోనే ఉంది. నాలుగేళ్ళు ఆగితే పనికొస్తాడనే కుర్రాడి కోసం ఇప్పుడు ఎవరు ఆగుతారు? పోర్టల్‌లో తయారుగా ఉన్న ఇరవై రెండేళ్ళవాడు దొరుకుతుంటే.

ఫుట్‌బాల్‌ని నిలబెట్టడానికి మిగతా ఆటల్ని కోసేయడం కూడా చూశాం. 2020 మేలో అక్రన్ మూడు ఆటలు తీసేసింది. బౌలింగ్ గ్రీన్ బేస్‌బాల్ ఎత్తేస్తే, పూర్వ విద్యార్థులు చందాలు పోగేసి మూడు వారాల్లోపే వెనక్కి తెచ్చుకున్నారు. పెన్సిల్వేనియాలో సెయింట్ ఫ్రాన్సిస్ అయితే 2025 మార్చిలో బాస్కెట్‌బాల్ జట్టు జాతీయ టోర్నమెంట్ ఆడిన వారానికే, మొత్తం ఆటల్ని డివిజన్ త్రీకి దించేస్తున్నామని చెప్పేసింది. డివిజన్ త్రీలో ఆటకి స్కాలర్‌షిప్ ఉండదు. విచిత్రం ఏంటంటే, అక్కడి చిన్న ప్రైవేట్ కాలేజీలు కొన్ని కొత్తగా ఫుట్‌బాల్ పెడుతున్నాయి. జట్టు పెడితే ఫీజు కట్టే మగపిల్లలు వందమంది వస్తారని లెక్క. ఒకచోట ఆటగాడు ఖర్చు, ఇంకోచోట ఆటగాడే ఆదాయం. మాలాంటివి ఈ రెంటికీ మధ్యలో వేలాడుతున్నాయి. 2018లో ఐడహో చేసినట్టు ఒక మెట్టు దిగి, డివిజన్ వన్‌లోనే కింది అంచె అయిన ఎఫ్‌సీఎస్‌లో ఆడుకుంటే పరువేం పోదని నా అభిప్రాయం. పక్క సీటు పెద్దాయన దగ్గర ఈ మాట అంటే ఆ పూటంతా నాతో మాట్లాడలేదు.

ఆయన రిటైరైన హైస్కూల్ టీచర్, 1978 నుంచి అదే సీటు. 2025 సీనియర్ డే రోజు, అంటే ఆఖరి ఏడాదివాళ్ళకి వీడ్కోలు చెప్పే రోజు, ఒక్కో ఆటగాణ్ణీ ఇంటివాళ్ళతో పిలుస్తుంటే, నేను ప్రింట్ తీసుకెళ్ళిన ఆటగాళ్ళ జాబితా మీద పెన్ను పెట్టుకుని కూర్చున్నాం. "ఈ అబ్బాయి మనతో ఎన్నాళ్ళు?" అని ప్రతి పేరుకీ అడిగేవాడు. "ఆగస్టు నుంచి." ఇంకో పేరు. "కిందటి జనవరి నుంచి." నాలుగేళ్ళూ ఇక్కడే ఉన్నవాళ్ళు ఆరుగురు లెక్క తేలారు. అనౌన్సర్ ఒకరి పేరు తప్పు పలికితే ఆ తల్లి నవ్వి ఊరుకుంది. పెద్దాయన మాత్రం ఆగస్టు వాడికీ, నాలుగేళ్ళవాడికీ ఒకేలా లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. కీళ్ళ నొప్పులతో అన్నిసార్లు లేవడం తేలిక కాదు.

కొనాలనుకునేవాళ్ళకి: ఎం.ఎస్. పిల్లలైతే కార్డు పట్టుకుని వెళ్ళండి, డబ్బు ఎప్పుడో కట్టేశారు. కుటుంబం ఉంటే సీజన్ టికెట్ వద్దు, సెప్టెంబర్, అక్టోబర్ శనివారాలవి విడిగా కొనుక్కోండి. బ్యాండ్ కోసం అరగంట ముందే వెళ్ళండి, అదొక్కటీ ఇప్పటికీ అయిదుకి అయిదు. నవంబర్‌కి బల్ల మీద వేసుకునే దిండు తప్పనిసరి.

నా రెన్యూవల్ ఉత్తరం వచ్చింది. ఈసారి టికెట్ ధర కాకుండా సీటుకి ఇంతని విరాళం కూడా ఇవ్వాలట, ఆటగాళ్ళని నిలబెట్టుకోవడానికట. ఇవ్వకపోతే ఈ సీటే దొరుకుతుందన్న హామీ లేదట. టికెట్ డబ్బు కట్టాను, విరాళం కట్టలేదు. పెద్దాయనకి ఫోన్ చేసి సంగతి చెప్పాను. ఆయన రెండూ కట్టేశాడట. "నీ సీటు మీద నా కోటు పెట్టి ఉంచుతాను. మంగళవారం రాత్రి ఎవడొచ్చి అడుగుతాడులే" అన్నాడు.