అపార్ట్‌మెంట్ లాండ్రీ గదులు: స్టాక్‌హోం, జ్యూరిక్, న్యూయార్క్

విదేశాల్లో అపార్ట్‌మెంట్‌లో దిగేటప్పుడు అందరూ మంచాలు, వంటగది, మెట్రో ఎంత దూరమో చూస్తారు. నేను భవనంలోని వాళ్లంతా కలిసి వాడుకునే, బట్టలుతికే మెషీన్లుండే లాండ్రీ గదిలో వంతు ఎలా దొరుకుతుందో కూడా అడుగుతాను. మెషీన్లు ఎంత కొత్తవైనా, ఎప్పుడు ఖాళీ అవుతాయో తెలియకపోతే ఒక పూటంతా మెట్లు ఎక్కి దిగడంతోనే సరిపోతుంది.

ఈ విషయంలో నా ఓటు స్టాక్‌హోంకే. మేం దిగిన భవనంలో లాండ్రీ గది నేలమాళిగలో ఉంది. తలుపు పక్కన తేదీలు, పూటలు గళ్లుగా గీసిన బోర్డు. ప్రతి ఫ్లాటుకూ నంబరు వేసిన ఒక చిన్న తాళం ఉంటుంది. దాన్ని కావలసిన గడిలో పెట్టి చెవి తిప్పితే ఆ పూట మనది. ఇంకెవరూ దాన్ని తీయలేరు. ఇంటికి ఒకే తాళం కాబట్టి నాలుగు పూటలు ముందే పట్టేసుకోవడమూ కుదరదు. ఎంత తేలికైన ఉపాయం! ఇప్పుడు చాలా భవనాల్లో ఈ పని ఫోను యాప్‌తో జరుగుతోంది.

మన పూటలో మెషీన్లన్నీ మనవే కాబట్టి తెల్లవి ఒకదానిలో, రంగువి మరోదానిలో ఒకేసారి వేసుకున్నాం. నాకు అన్నిటికన్నా నచ్చింది బట్టలు ఆరబెట్టే అలమర. లోపలి కడ్డీల మీద బట్టలు వేసి తలుపు మూస్తే వేడిగాలి తిరుగుతుంది. డ్రయ్యర్‌లో దొర్లితే ముడుచుకుపోయే చొక్కాలు ఇందులో సాఫీగా ఆరాయి. వెళ్లేముందు ఫిల్టర్‌లోని పీచు తీసి, నేల తుడిచి రావాలి. తర్వాత వచ్చేవాళ్లకు శుభ్రమైన గది అప్పగించడం న్యాయమే కదా.

జ్యూరిక్‌లో కట్టుబాట్లు ఎక్కువ. పాత భవనాల్లో ఒక్కో ఇంటికి ఉతికే రోజును ముందే కేటాయించే పద్ధతి ఇంకా ఉంది. చాలాచోట్ల ఆదివారాలు, రాత్రి పది దాటాక మెషీన్లు నడపనివ్వరు. అక్కడ ఏళ్ల తరబడి ఉండేవాళ్లకు అది ప్రశాంతత. వారం రోజుల అతిథికి మాత్రం ఇబ్బందే. బస ఖాయం చేసుకునే ముందే ఇంటివారి వంతు ఏ రోజో, అతిథులకు లాండ్రీ గది తాళంచెవి ఇస్తారో లేదో కనుక్కోండి.

న్యూయార్క్‌లో మేమున్న చోట ముందు వచ్చినవారిదే మెషీన్. పాత మెషీన్లకు 25 సెంట్ల నాణేలు కావాలి. ఇప్పుడు కార్డులు, యాప్‌లు వచ్చాయి. ఏ వేళకైనా ఉతుక్కోవచ్చన్న స్వేచ్ఛ బాగుంది. కానీ ఉతకడం అయిపోయినా బట్టలు వేసిన మనిషి రాడు. గాజు తలుపు వెనక తడిబట్టల ముద్ద అలాగే ఉంటుంది. వాటిని తీసి బల్లమీద పెట్టాలంటే నాకు చెయ్యి రాదు. ఎవరి లోదుస్తులో ముట్టుకోవడం ఎంత ఇబ్బంది! వారాంతం వదిలేసి, పనిదినాల్లో పొద్దున్నే వెళ్లాక ఆ బాధ తప్పింది.