డాసన్‌విల్: అవుట్‌లెట్ మాల్ దగ్గరే ఆగిపోకండి, ఈ మ్యూజియం చూడండి

అట్లాంటాకి ఉత్తరాన కమ్మింగ్, ఆల్ఫరెట్టా వైపు ఉండే మనవాళ్లలో చాలామందికి డాసన్‌విల్ అంటే జార్జియా 400 పక్కనున్న అవుట్‌లెట్ మాల్, అంతే. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే ఒక శనివారం ఆ మాల్, ఇంకో శనివారం అమికలోలా జలపాతం. ఆ జలపాతానికి వెళ్లే దారిలోనే, హైవే 53 మీద, అసలు డాసన్‌విల్ ఊరు ఉంది. ఊళ్లో జార్జియా రేసింగ్ హాల్ ఆఫ్ ఫేమ్ అనే మ్యూజియం, అదే బిల్డింగ్‌లో మూన్‌షైన్ (ఒకప్పుడు ఈ కొండల్లో దొంగచాటుగా కాసిన సారా) ఇప్పుడు లైసెన్స్‌తో కాసే చిన్న డిస్టిలరీ ఉన్నాయి. అట్లాంటా చుట్టుపక్కల టికెట్ కొని చూసినవాటిలో నేను దీన్ని చాలా పైన పెడతాను.

పేరు చూసి కారు రేసుల పిచ్చి ఉన్నవాళ్లకే అనుకోవద్దు. లోపల రేసు కార్లు, హెల్మెట్లు, ట్రోఫీలు, పాత ఫోటోలు చాలానే ఉన్నాయి. ఈ ఊరివాడే అయిన బిల్ ఎలియట్ 1988లో నాస్కార్ (అమెరికాలో పెద్ద కారు రేసులు నడిపే సంస్థ) ఛాంపియన్, వాళ్లబ్బాయి చేజ్ 2020లో ఛాంపియన్, వాళ్లకి సంబంధించినవన్నీ రేసులు చూసేవాళ్లు తీరిగ్గా చూసుకోవచ్చు. కానీ నన్ను కట్టిపడేసింది అంతకు ముందటి కథ. ఇంత చిన్న ఊరి నుంచి ఇంతమంది డ్రైవర్లు ఎలా వచ్చారు? దానికి జవాబు సారా.

1930లు, 40ల్లో ఈ డాసన్ కౌంటీ కొండల్లో కాసిన సారా రాత్రిళ్లు కార్లలో అట్లాంటాకి చేరేది. ఏ దారిలో అంటే హైవే 9 మీద. అప్పటికి జార్జియా 400 లేదు. డాసన్‌విల్, కమ్మింగ్, ఆల్ఫరెట్టా, రాస్‌వెల్, అక్కడి నుంచి అట్లాంటా. మనం పిల్లల్ని క్లాసుల్లో దింపడానికి, కూరగాయలకి రోజూ తిరిగే హైవే 9 అదే. ఆ రోడ్డు మీద ఇరవై ఏళ్లు కూడా సరిగ్గా నిండని కుర్రాళ్లు వెనకాల ఎక్సైజ్ వాళ్లు తరుముతుంటే ఫుల్ లోడుతో కొండ మలుపులు తిప్పుకుంటూ పోయేవాళ్లని తెలిశాక, ఆ రోడ్డు నాకు వేరేగా కనిపిస్తోంది.

కార్ల గురించి కొంచెం చెప్పాలి. ఫోర్డ్ కంపెనీ 1932లో అందరూ కొనగలిగే ధరలో వి8, అంటే ఎనిమిది సిలిండర్ల బలమైన ఇంజిన్ తెచ్చింది, సారా బండ్లకి అదే ప్రాణం. 1939, 40 మోడల్ ఫోర్డ్ కూపేలంటే వీళ్లకి మరీ ఇష్టం: చూడ్డానికి మామూలు బండి, డిక్కీ పెద్దది. వెనక సీటు ఉంటే పీకేసి, ఆ ఖాళీలో, డిక్కీలో గాజు జాడీలు, రేకు డబ్బాలు పేర్చేవాళ్లు. ఒక ట్రిప్పుకి వంద గ్యాలన్లకి పైగా, అంటే దగ్గర దగ్గర 400 లీటర్లు. అంత బరువుకి బండి వెనక భాగం కుంగితే ఎవరికైనా అనుమానం వస్తుంది కదా, అందుకని వెనక గట్టి స్ప్రింగులు వేయించేవాళ్లు. దాంతో సరుకు దించేశాక ఖాళీ బండి వెనక భాగం పైకి లేచి నిలబడేది, తెలిసినవాళ్లు అదీ గుర్తుపట్టేవాళ్లు! ఇదంతా చదివితే ఒక రకం, ఆ కాలం నాటి ఫోర్డ్ పక్కన నిలబడి లోపలికి తొంగిచూస్తే ఇంకో రకం. మా ఇంట్లో కార్లంటే ఏ మాత్రం పట్టనివాళ్లు కూడా అక్కడ చాలాసేపు నిలబడిపోయారు.

ఇక మనుషులు. రేమండ్ పార్క్స్ 1914లో ఇక్కడే పుట్టాడు, పధ్నాలుగేళ్లకే ఇల్లు వదిలి సారా పనిలో చేరాడు, 1930ల్లో ఆ కేసులోనే ఫెడరల్ జైల్లో కొన్ని నెలలు ఉన్నాడు. తర్వాత అట్లాంటాలో వ్యాపారాలు పెట్టి, ఆ డబ్బుతో రేసు కార్లు కొని తన ఊరి కుర్రాళ్ల చేతికిచ్చాడు. 1949లో నాస్కార్ మొదటిసారి షోరూమ్ మోడల్ కార్లకి ఛాంపియన్‌షిప్ పెడితే గెలిచింది రెడ్ బైరన్, ఆ కారు పార్క్స్‌ది, దాన్ని సిద్ధం చేసింది అట్లాంటా మెకానిక్ రెడ్ వోట్. నాస్కార్ అనే పేరు సూచించింది కూడా ఆ వోటే. సారా బండ్లకి ఇంజిన్లు బిగించిన చేతులే అవి.

పార్క్స్ కార్లు నడిపినవాళ్లలో లాయిడ్ సీ కథ నన్ను ఇంకా వదల్లేదు. పార్క్స్‌కి వరసకి తమ్ముడు. 1941 సెప్టెంబరు 1న అట్లాంటా లేక్‌వుడ్ ట్రాక్ మీద పెద్ద రేసు గెలిచాడు. మర్నాడే దగ్గరి బంధువొకడు కాల్చి చంపేశాడు. గొడవ దేనికో తెలుసా, చక్కెరకి. సారా కాయడానికి అరువు మీద తెచ్చిన చక్కెర బాకీ ఎవరి లెక్కలో రాయాలన్న దానికి. సీ వయసు 21. ఊళ్లోని శ్మశానంలో అతని సమాధి రాయి మీద ఫోర్డ్ కారు చెక్కి, దాని కిటికీలో అతని ఫోటో పెట్టారు. మ్యూజియం అయ్యాక అది కూడా చూసి రండి. ఈ వ్యాపారంలో చక్కెరకి ఎంత విలువుండేదో నాకు అక్కడే అర్థమైంది. మొదట్లో మొక్కజొన్నే ప్రధానం, కానీ చక్కెర వేస్తే ఊట త్వరగా పులుస్తుంది, ఎక్కువ సారా దిగుతుంది. దాంతో రానురాను మొక్కజొన్న వాటా తగ్గిపోయింది.

మా అమ్మది నెల్లూరు జిల్లా. కార్లన్నీ ఓపిగ్గా చూసి, బయటికొచ్చాక అడిగింది: "సారా కాసినవాళ్లకి మ్యూజియం కట్టారేంట్రా వీళ్లు?" ఆ ప్రశ్న న్యాయమైనదే. 1992లో దూబగుంట ఆడవాళ్లు ఊళ్లో సారా దుకాణం మూయించడం, అది రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరులో సారా నిషేధం రావడం చూసిన మనిషి ఆమె. ఇక్కడా అలాంటి పోరాటం జరిగిందని చెప్పాను. మద్యం మీద చర్చిలు, ఆడవాళ్ల సంఘాలు ఏళ్ల తరబడి ఉద్యమం చేశాయి, దేశమంతటా నిషేధం 1920లో వస్తే జార్జియాలో 1908 నుంచే ఉంది. తాగి వచ్చి కొట్టే మొగుడితో బతికిన ఆడవాళ్ల బాధ అక్కడైనా ఇక్కడైనా ఒకటే. మ్యూజియంలో కార్లని చూసి ముచ్చటపడేవాళ్లు అది మర్చిపోకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

అలాగే 1951 అక్టోబరు కూడా. మిథనాల్ అనే విషపు ఆల్కహాల్ కలిపిన సారా అట్లాంటాలో అమ్మితే 30 మందికి పైగా చనిపోయారు, ఇంకా ఎంతోమంది ఆసుపత్రుల పాలయ్యారు, వాళ్లలో ఎక్కువమంది పేద నల్లజాతి బస్తీలవాళ్లు. మొక్కజొన్న ఊటలో దానంతటది తయారయ్యే మిథనాల్ చాలా తక్కువ, అంతమందిని చంపింది లాభం కోసం కలిపిన ఫ్యాక్టరీ సరుకు. ఇది కాక సీసం గొడవ ఒకటి: ఆవిరి చల్లార్చడానికి రాగి గొట్టం కొనడం ఎందుకని కొందరు పాత కారు రేడియేటర్లు వాడేవాళ్లు, వాటి అతుకుల్లోని సీసం సారాలో దిగి తాగినవాళ్ల నరాల్ని, కిడ్నీల్ని తినేసేది.

మరి కాసినవాళ్లంతా దుర్మార్గులా అంటే, కాదు. కొండల్లో రోడ్లు లేని రోజుల్లో మొక్కజొన్న బస్తాలు బజారుకి మోసుకెళ్తే మిగిలేది ఏమీ లేదు, అదే పంటని సారా చేస్తే మోత తక్కువ, డబ్బు ఎక్కువ. పన్ను మీద గొడవ కూడా పాతదే: 1791లో కొత్త ప్రభుత్వం విస్కీ మీద పన్ను వేస్తే పెన్సిల్వేనియా రైతులు తిరగబడ్డారు, 1794లో జార్జ్ వాషింగ్టన్ స్వయంగా సైన్యంతో బయల్దేరాల్సి వచ్చింది, ఆ పన్ను 1802లో పోయింది. మళ్లీ 1862లో, అంతర్యుద్ధం ఖర్చుల కోసం, గ్యాలన్‌కి 20 సెంట్లతో మొదలుపెట్టి 1865కల్లా 2 డాలర్లు చేశారు. జార్జియా కొండ రైతుకి ఆ పన్ను ఎలా వచ్చిందో చూడండి: యుద్ధంలో జార్జియా ఉన్న దక్షిణాది పక్షం ఓడాక, గెలిచిన ప్రభుత్వం మనుషులు తుపాకులతో వచ్చి వసూలు చేసుకున్నారు. తాతల నాటి నుంచి చేసుకుంటున్న పని రాత్రికి రాత్రి నేరమైపోయింది. ఆ కోపం తరతరాలు మిగిలింది. అక్కడి జానపద కథల్లో సారా కాసేవాడే హీరో, ఎక్సైజ్ వాడు విలన్ ఎందుకయ్యారో దీన్నిబట్టి తెలుస్తుంది. నిషేధం రోజుల్లో కొందరు బట్టీకి వెళ్లే దారిలో అడుగుజాడలు దొరక్కుండా బూట్ల కింద ఆవు గిట్టల ఆకారంలో చెక్కలు కట్టుకునేవాళ్లు, అది నిజంగా జరిగిందే, ఎక్సైజ్ వాళ్లు పట్టుకున్న ఆ బూట్ల ఫోటోలు కూడా ఉన్నాయి.

కానీ కార్టూన్లలో, సినిమాల్లో మిగిలింది వేరే బొమ్మ: మాసిన గడ్డం, చిరిగిన ఓవరాల్స్, చెప్పుల్లేని కాళ్లు, మూడు ఎక్స్‌లు రాసిన జాడీ, పక్కన తుపాకీ, నిద్రమత్తు మొహం. టూరిస్టు ఊళ్లలో టీ షర్టుల మీద ఇప్పటికీ అదే అమ్ముతారు. నాకది చిరాకు. పేదరికంలో బతికినవాళ్లని బద్ధకస్తులుగా చూపించే బొమ్మ అది. చీకట్లో, చలిలో, కొండ వాగు పక్కన రోజుల తరబడి ఊట కాపలా కాసి, జాడీలు మోసి, పోలీసుల్ని తప్పించుకోవడం బద్ధకస్తుడి పని కాదు. డాసన్‌విల్ నాకు నచ్చింది ఇందుకే, ఇక్కడ మనుషులు పేర్లతో, ముఖాలతో, చేసిన పనితో కనిపిస్తారు.

డిస్టిలరీ వైపు వస్తే, పని మన బెల్లం ఊట పనే: పిండి, చక్కెర, నీళ్లు కలిపి పులియబెట్టడం, రాగి బట్టీలో కాగబెట్టడం, ఆవిరిని చల్లటి నీళ్లలో మునిగిన గొట్టం గుండా పంపి చుక్కలుగా దించడం. మధ్యలో థంపర్ అనే పీపా ఉంటుంది, ఆవిరి దాంట్లోంచి పోతూ ఇంకోసారి మరిగి మరింత ఘాటుగా తేలుతుంది, ఒకే కాపులో రెండు కాపుల పని. మొదట దిగేది పారబోస్తారు. బట్టీ దగ్గర అక్కడివాళ్లని అడగండి, దగ్గరుండి చెప్పించుకుంటే బోర్డులు చదివినదానికంటే ఎక్కువ తెలుస్తుంది.

కొనేవాళ్లకి నా మాట: మామూలు మొక్కజొన్న సారా రుచి చూడండి. పీపాల్లో ఏళ్ల తరబడి ఉంచరు కాబట్టి రంగు ఉండదు, నోట్లో మొదట మంట, ఆ వెనకాలే మొక్కజొన్న తీపి వాసన తెలుస్తుంది. అమెరికాలో లిక్కర్ షాపుల్లో ఎక్కడపడితే అక్కడ దొరికే యాపిల్ పై, పీచ్ లాంటి ఫ్లేవర్ జాడీలు నా దృష్టిలో చక్కెర పాకమే, వాటికోసం ఇంత దూరం రానక్కర్లేదు. జార్జియాలో 2017 సెప్టెంబరు నుంచి డిస్టిలరీలే నేరుగా సీసాలు అమ్ముకోవచ్చు కాబట్టి నచ్చింది అక్కడే కొనుక్కోవచ్చు. 21 దాటినట్టు ఐడీ తప్పనిసరి. తిరిగి డ్రైవ్ చేసేవాళ్లు మాత్రం ఒక్క చుక్క కూడా ముట్టొద్దు, కొండ రోడ్డు.

పిల్లలకి కార్లు బాగా నచ్చుతాయి, వాళ్లని తీసుకెళ్లొచ్చు. ఊళ్లో ఏటా అక్టోబరులో మూన్‌షైన్ పండగ చేస్తారు, పాత సారా బండ్లు రోడ్డెక్కుతాయి, గుంపు ఫరవాలేదనుకుంటే అప్పుడు వెళ్లండి. మ్యూజియం నిదానంగా చూడాలంటే మాత్రం మామూలు రోజు మంచిది. పొద్దున్నే అమికలోలా చూసుకుని, మధ్యాహ్నం ఇక్కడ ఆగి, ఇంటికి తిరిగేటప్పుడు 400 ఎక్కకుండా హైవే 9 మీద రండి, కాస్త ఆలస్యమైనా సరే.