అకడమిక్ రైటింగ్ కోర్సు: డిసర్టేషన్ దాకా వెంట వచ్చిన రెండు గళ్లు

విశాఖలో ఒక డిగ్రీ కాలేజీలో సెమిస్టర్ పొడవునా నడిచే అకడమిక్ రైటింగ్ కోర్సు ఇది. థీసిస్ వాక్యం (వ్యాసం వాదనంతా ఒక్క మాటలో), ఉపోద్ఘాతం, మూలాలు చూపే ఏపీఏ, ఎంఎల్ఏ పద్ధతులు ఎక్కడైనా చెప్పేవే కాబట్టి వదిలేస్తున్నా. పీజీలో డిసర్టేషన్ రాసేటప్పుడు కూడా నేను వదలని పద్ధతి ఒకటుంది. రివర్స్ అవుట్‌లైన్. దానికోసమే ఈ కోర్సంటే నాకు అంత ఇష్టం.

రాయబోయే ముందు కాదు, మొదటి డ్రాఫ్ట్ పూర్తయ్యాక అవుట్‌లైన్ తీయాలి. ప్రింట్ తీసుకుని పేరాలకు నంబర్లు వేయాలి. వేరే కాగితం మీద ఒక్కో పేరాకు రెండు గళ్లు గీయాలి. ఆ పేరా ఏం చెబుతోందో మొదటి గడిలో ఒకే వాక్యంలో రాయాలి. అది అక్కడ ఎందుకుందో రెండో గడిలో రాయాలి: వాదన పెడుతోందా, ఆధారం చూపుతోందా, అభ్యంతరానికి జవాబిస్తోందా? మొదటి గడిలో 'మరియు' వచ్చిందంటే పేరాను రెండు చేయాల్సి రావచ్చు. రెండు పేరాలకు ఒకే వాక్యం వస్తే కలిపేయాలి. రెండో గడి ఖాళీగా మిగిలితే అసలు జబ్బు అక్కడే ఉంది.

క్లాసులో అందరి ముందూ పెట్టి చూసిన డ్రాఫ్టు ఆర్కే బీచ్ కోత మీద రాసింది. 1200 పదాలు, తొమ్మిది పేరాలు. హార్బర్ బ్రేక్‌వాటర్లు (అలలను ఆపడానికి సముద్రంలో కట్టిన గోడలు) దక్షిణం నుంచి ఉత్తరానికి కదిలే ఇసుకను ఆపేస్తున్నాయని వాదన. చదివితే బాగానే ఉంది. గళ్లు నింపేసరికి మూడో పేరా, ఆరో పేరా ఒకే మాట చెబుతున్నాయని తేలింది. ఏడో పేరాలో 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుపాను వర్ణన ఉంది, దాని రెండో గడిలో రాయడానికి ఏమీ దొరకలేదు.

కొట్టేద్దామన్నారు చాలామంది. మేడమ్ ఒప్పుకోలేదు, ఆ పేరాకు పని ఇవ్వమన్నారు. "కోతకు కారణం కట్టడాలు కాదు, తుపాన్లు" అనే అభ్యంతరంగా దాన్ని మార్చారు. వెనకే జవాబు వచ్చింది: తుపాను లాక్కెళ్లిన ఇసుకలో కొంత సముద్రం నెమ్మదించాక ఒడ్డుకు తిరిగి చేరుతుంది, కానీ దక్షిణం నుంచి రావలసిన ఇసుకే ఆగిపోతే ఆ లోటు పూడదు. పోర్టు తవ్వి తీసిన ఇసుకను బీచ్‌లో పోయించడం కూడా అక్కడ ఆధారంగా అమిరింది. వ్యాసంలో అతి బలహీనమైన పేరా అన్నిటికన్నా గట్టిదైంది.

ఇంకో మేలు నేను ఊహించలేదు. వ్యాసం ఇంగ్లీషులో ఉన్నా మొదటి గడి తెలుగులో రాయనిచ్చారు. ఇంగ్లీషులోనైతే పేరాలోని మొదటి వాక్యమే అటూ ఇటూ మార్చి ఎక్కించేస్తాం. తెలుగులో ఆ దారి లేదు, అర్థమైతేనే రాయగలం. ఎక్కడినుంచో ఎత్తుకొచ్చి మాటలు మార్చిన పేరాలు అక్కడే పట్టుబడతాయి, కాపీని పట్టే సాఫ్ట్‌వేర్ రిపోర్టు దాకా వెళ్లకముందే. ఆ రిపోర్టు గురించి మాత్రం కోర్సులో సరిగా చెప్పలేదు. యూజీసీ 2018 నిబంధనల్లో 10 శాతం వరకు పోలిక ఉంటే శిక్ష లేదన్నారు. దాంతో క్లాసంతా పదాలు మార్చి 10 లోపుకు దించే పనిలో పడింది. మూలం చెప్పకుండా ఆలోచన ఎత్తుకుంటే అంకె తక్కువున్నా అది చౌర్యమే. ఈ సంగతి మొదటి వారంలోనే చెప్పాల్సింది.

రెండు గళ్లతో అన్నీ తీరవు. వాక్యాల్లో తప్పులు దీనికి దొరకవు. డ్రాఫ్టు ముందురోజు రాత్రి పూర్తిచేసేవాళ్లకు వృథా, ఎందుకంటే ఒక రోజైనా పక్కన పెట్టి చూస్తేనే కన్ను మారుతుంది. పక్కవాళ్లతో గళ్లు నింపించుకుంటే మరీ మంచిది. అయితే పెద్ద సెక్షన్లలో అవి ఎవరూ దిద్దలేరు, అప్పుడు మొక్కుబడిగా నింపేస్తారు.

నాది సోషల్ సైన్స్, వ్యాసాలన్నీ వాదనలే, కాబట్టి నాకు ఇంతగా పనికొచ్చింది. ల్యాబ్ రిపోర్టులు రాసేవాళ్లకు పద్ధతి, ఫలితాలు, చర్చ అన్న వరస ముందే ఖరారై ఉంటుంది. వాళ్లు చర్చ భాగానికి మాత్రం గళ్లు గీసుకుంటే చాలు.