కాకి గూట్లో జటామాంసి మేకు: సెయింట్ జాన్స్‌లోని క్రోస్ నెస్ట్ క్లబ్బు

కాకినాడ, అమలాపురం వైపు నుంచి పిల్లల చదువుల పేరుతో కెనడా తూర్పు కొసన ఉన్న న్యూఫౌండ్‌లాండ్ దాకా వెళ్ళే తల్లిదండ్రులు సెయింట్ జాన్స్ హార్బరు దగ్గర, యుద్ధ స్మారకం పక్కనున్న పాత గోదాము పైఅంతస్తు తప్పక ఎక్కండి. అట్లాంటిక్‌లో రెండో ప్రపంచ యుద్ధంలో సరుకు ఓడలకు కాపలా కాసిన నౌకాదళ అధికారులు ఒడ్డుకు వచ్చినప్పుడు కాసేపు కూర్చోవడానికి 1942 జనవరి 27న తెరిచిన క్రోస్ నెస్ట్ (అంటే కాకి గూడు) క్లబ్బు అది. అద్దె ఏడాదికి ఒక డాలరు. న్యూఫౌండ్‌లాండ్ అప్పటికింకా కెనడాలో కలవలేదు, 1949లో కలిసింది.

మెట్లు 59. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఆగి ఆగి ఎక్కాలి. శీతాకాలంలో దారంతా మంచు గడ్డకట్టి జారుతుంది కాబట్టి పట్టున్న బూట్లు ఉండాలి.

లోపల గోడ ఖాళీగా కనిపించదు. ఒక్కో ఓడకు నాలుగు చదరపు అడుగుల చోటిచ్చి, మీ గుర్తు మీరే పెట్టుకోండన్నారు. రంగులు వేసినవి, చెక్కలో చెక్కినవి, అన్నీ ఓడలవాళ్ళు తెచ్చి తగిలించినవే. ఈ చోటు విలువంతా అక్కడే ఉంది. కాకపోతే పేర్లు తెలియకుండా వెళితే అన్నీ ఒకేలా కనిపించి పది నిమిషాల్లో విసుగొస్తుంది. ముందుగా రెండు మూడు ఓడల కథలు చదువుకుని వెళ్ళండి.

మొదట వెతకాల్సింది స్పైక్‌నార్డ్. పూల పేర్లు, మొక్కల పేర్లు పెట్టిన కార్వెట్ తరగతి ఓడల్లో (కాపలాకు వాడిన చిన్న యుద్ధనౌకలు) అదొకటి. స్పైక్‌నార్డ్ అంటే మన జటామాంసి, తలనూనె కాచేటప్పుడు వేసే వేరు. ఆ పేరులోనే ‘స్పైక్’ ఉంది, అంటే మేకు. క్లబ్బు తెరిచిన కొత్తలో, ఎవరు తక్కువ దెబ్బల్లో పెద్ద మేకును నేలలోకి దించగలరని కెప్టెన్లు పందెం వేసుకున్నారు. స్పైక్‌నార్డ్ కెప్టెన్ షాడ్‌ఫర్త్ గెలిచాడు. తాళ్ళరేవులో పడవలు కట్టేవాళ్ళకు ఆ పందెంలో కష్టం చెప్పనక్కర్లేదు. బరమాతో ముందు బెజ్జం పెట్టకుండా లావు మేకు కొడితే, దెబ్బ ఏమాత్రం పక్కకి పడినా మేకు వంగుతుంది, లేదా చెక్క చీలుతుంది.

రెండు వారాలకే, ఫిబ్రవరి 10 రాత్రి, జర్మన్ జలాంతర్గామి యూ-136 టార్పెడోకు ఆ ఓడ మునిగిపోయింది. 57 మంది పోయారు, ఎనిమిది మంది బతికారు. షాడ్‌ఫర్త్ బతికినవాళ్ళలో లేడు. ఆ మేకును మాత్రం క్లబ్బువాళ్ళు ఈనాటికీ కాపాడుకుంటున్నారు. దాని ముందు ఐదు నిమిషాలు నిలబడండి. కాకినాడ మీద జపాన్ బాంబులు పడింది కూడా ఆ ఏడాదే, ఏప్రిల్ 6న.

రెండోది పెరిస్కోపు, అంటే నీళ్ళలో మునిగిన జలాంతర్గామిలోంచి పైకి చూసే గొట్టం. యూ-190 అనే జర్మన్ జలాంతర్గామిది. 1945 ఏప్రిల్ 16న ఎస్క్విమాల్ట్ అనే కెనడా ఓడను ముంచి 44 మందిని పొట్టన పెట్టుకుంది, మే నెలలో లొంగిపోయింది. 1947లో కెనడా నౌకాదళమే దాన్ని ముంచేసింది. పెరిస్కోపు ఇప్పుడు క్లబ్బు కప్పులోంచి పైకి పొడుచుకుని ఉంటుంది, అందులోంచి హార్బరు చూడొచ్చు. ఆ ఊళ్ళో పొగమంచు ఎక్కువ. అది పట్టిన రోజు పెరిస్కోపులో తెల్లదనం తప్ప ఇంకేమీ కనపడదు. హార్బరు ముఖద్వారం కిందనుంచే స్పష్టంగా కనిపిస్తున్న రోజు చూసుకుని మెట్లెక్కండి.

ఫిరంగులు, ఓడ బొమ్మలు చూద్దామని వచ్చే చిన్నపిల్లలకు ఇది నచ్చకపోవచ్చు. ఓడ మీద పనిచేసినవాళ్ళు, చేసేవాళ్ళ ఇంటివాళ్ళు మాత్రం గంటన్నర చేతిలో పెట్టుకుని వెళ్ళాలి.

2011లో జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించినా, ఇది నేటికీ సభ్యులతో నడుస్తున్న క్లబ్బే. నేరుగా వెళ్ళి తలుపు తట్టకుండా ముందే ఫోన్ చేసి, బయటివాళ్ళను ఎప్పుడు రానిస్తారో కనుక్కోవాలి. అక్కడి గడియారం మనకన్నా చలికాలంలో తొమ్మిది గంటలు, వేసవిలో ఎనిమిది గంటలు వెనక. మనలాగే వాళ్ళదీ అరగంట లెక్క కాబట్టి తేడా సరిగ్గా గంటల్లోనే వస్తుంది. ఇక్కడ రాత్రి ఎనిమిదికి చేస్తే అక్కడ పగలు పదకొండో, పన్నెండో అవుతుంది.