అయిదు లక్షల బీబీఏ వద్దనుకుని ఎన్జీ కాలేజీలో బీకాం: నకిరేకల్ నుంచి ఒక తండ్రి రివ్యూ

మాది నకిరేకల్‌లో కిరాణా దుకాణం. నేను ఇంటర్ సీఈసీతోనే ఆపేశాను. కాబట్టి ఇది చదువు తెలిసినవాడి రివ్యూ కాదు, ఫీజు కట్టేవాడి రివ్యూ. మా అమ్మాయి నల్లగొండ నాగార్జున ప్రభుత్వ కాలేజీలో బీకాం కంప్యూటర్ అప్లికేషన్స్ చివరి ఏడాదిలో ఉంది. అందరూ ఎన్జీ కాలేజీ అంటారు. 1956 నాటిది. ఫైనాన్స్‌లోనే ఉద్యోగం చేస్తానని ఇంటర్ నుంచే ఆమె పట్టు.

2023లో ముందు హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు కాలేజీకి వెళ్లాం. పేరెందుకులెండి. చల్లటి ఏసీ గది, మంచినీళ్ల బాటిళ్లు, బీబీఏ ఫైనాన్స్ అని బంగారు అక్షరాల బ్రోచర్. ఫీజు ఏడాదికి 95 వేలు, హాస్టల్ నెలకు 7 వేలు. పది నెలలే వేసుకున్నా ఏడాదికి 1,65,000, మూడేళ్లకు 4,95,000. పండగలకు రాకపోకలు, బట్టలు కలపకుండానే. గోడ మీద ఉద్యోగాలొచ్చిన పిల్లల ఫొటోలతో పెద్ద ఫ్లెక్సీ. నేను దుకాణంవాణ్ణి, డబ్బా మీది బొమ్మ చూసి సరుకు దించుకోను.

"వీళ్లకు ఏం పోస్టులు వచ్చినయమ్మా?" అని అక్కడి ఉద్యోగినిని అడిగాను.

"కస్టమర్ సపోర్ట్, సేల్స్, కలెక్షన్స్ సార్."

"మరి ఫైనాన్స్?"

"లోన్ కలెక్షన్స్ కూడా ఫైనాన్సే కదా సార్."

బాకీలు వసూలు చేయడానికి అయిదు లక్షలు కట్టాలా? నా ఖాతా పుస్తకం చేతికిస్తే పది రోజుల్లో వస్తుంది.

బయటికొచ్చాక బస్టాప్‌లో అమ్మాయి ఫోన్‌లో బీకాం, బీబీఏ సిలబస్‌లు తీసి చూపించింది. బీబీఏలో మేనేజ్‌మెంట్ పేపర్లు ఎక్కువ, బీకాంలో అకౌంట్లు, ఇన్‌కమ్ ట్యాక్స్ ఎక్కువ. ఇంకో సంగతి కూడా అప్పుడే తెలిసింది. ఒక యూనివర్సిటీ కింద ఉన్న మామూలు కాలేజీలన్నిటికీ సిలబస్ ఒకటే, ప్రశ్నపత్రం ఒకటే, పట్టా మీద ఉండేది యూనివర్సిటీ పేరే. ఎన్జీ అటానమస్ కాబట్టి పరీక్షలు కాలేజీయే పెట్టుకుంటుంది, పట్టా మాత్రం మహాత్మాగాంధీ యూనివర్సిటీది. మరి ఆ అయిదు లక్షలు దేనికి అని ఆలోచిస్తే నాకు ఏసీ గదే కళ్ల ముందుకు వచ్చింది.

సీటు దోస్త్‌లోనే, అంటే డిగ్రీ సీట్లకు ప్రభుత్వం పెట్టిన ఆన్‌లైన్ అడ్మిషన్లలో. అక్కడ తప్పు నాదే. అమ్మాయి ఆధార్‌కు ఎప్పుడో పారేసిన సిమ్ నంబర్ ఉంది. ఓటీపీ దానికే పోతుంది. నంబర్ మార్పించే దాకా నాకు అన్నం సయించలేదు. మీరు ఇంటర్ ఫలితాలకు ముందే ఆ పని చూసుకోండి. వెబ్ ఆప్షన్లలో నిజంగా కావాల్సిన కాలేజీని మొదట పెట్టండి. సీటు వచ్చాక ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్, అంటే ఆ సీటు తీసుకుంటున్నామని ఖాయం చేయడం, మరిచిపోతే సీటు పోతుంది. తర్వాత చూద్దాంలే అని చివర్లో మిగిలిన సీట్లకు జరిగే స్పాట్ అడ్మిషన్ దాకా ఆగితే ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. బీసీల్లో పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షల లోపు ఆదాయం ఉన్నవాళ్లకు అది పెద్ద నష్టం.

ఖర్చు సంగతి. మొదటి ఏడాది అడ్మిషన్, పరీక్ష ఫీజు, పుస్తకాలు అన్నీ కలిపినా మాకు పది వేలు దాటలేదు. బస్సుకు మొదట స్టూడెంట్ పాస్ తీశాం. ఆ డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం కావడంతో ఆ ఖర్చూ పోయింది. కాకపోతే రానూపోనూ రోజుకు రెండు గంటలు పోతాయి. బస్సులో సీటు దొరికిన రోజు అందులోనే ఒక చాప్టర్ అయిపోతుందట.

మిగిలిన డబ్బును మేం కాలేజీకి బయట పెట్టాం. రెండో ఏడాది సెలవుల్లో మ్యూచువల్ ఫండ్ డిస్ట్రిబ్యూటర్ల కోసం ఉండే ఎన్ఐఎస్ఎం ఫైవ్-ఏ పరీక్ష రాసింది. వంద ప్రశ్నలు, రెండు గంటలు, 50 మార్కులొస్తే పాస్, సర్టిఫికెట్ మూడేళ్లు చెల్లుతుంది. పాసైంది. ఇప్పుడు సీఏ మీద కన్నేసింది. సీఏలో మొదటి మెట్టు ఫౌండేషన్ రాయకుండా నేరుగా రెండో మెట్టు సీఏ ఇంటర్మీడియట్‌లోకి వెళ్లాలంటే బీకాం వాళ్లకు 55 శాతం, వేరే డిగ్రీల వాళ్లకు 60 శాతం కావాలి. ఇది బ్రోచర్లలో ఎక్కడా రాయలేదు.

ఇక చదువు పనికొచ్చిందా అంటే ఒకటి చెబుతా. పోయిన ఏడాది ఒక ఆదివారం గల్లా దగ్గర కూర్చుని నా బిల్లు పుస్తకం తిరగేసింది. "నాయినా, నువ్వు జీఎస్టీలో చిన్న వ్యాపారులకుండే కాంపోజిషన్ పద్ధతిలో ఉన్నవ్ కదా. కాంపోజిషన్ ట్యాక్సబుల్ పర్సన్ అని బిల్లు మీద ఉండాలె. ఏది?" అంది. నాకు తెలియదు. జీఎస్టీ సర్టిఫికెటే డ్రాయర్‌లో అగర్‌బత్తీల కింద ఉంది. పైగా నా మిత్రుడొకరు చెప్పాడని ఒకరిద్దరికి బిల్లులో జీఎస్టీ విడిగా వేసి వసూలు చేశాను. కాంపోజిషన్‌లో ఉన్నవాళ్లు అలా చేయకూడదట. ఆ రోజే రబ్బరు స్టాంపు చేయించాను, పుస్తకంలో ప్రతి పేజీ మీదా తనే కొట్టింది. ఇప్పుడు టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో మా దుకాణం లెక్కంతా ఆమెదే.

లోటు లేదని కాదు. హైటెక్ సిటీ కంపెనీలు మన జిల్లాలకు వరుస కట్టి రావు, మనమే వెతుక్కుంటూ పోవాలి. ఇంటర్వ్యూ ఇంగ్లీషు ఇంట్లో అద్దం ముందు సాధన చేస్తోంది, నేను ఉప్మా తింటూ వింటాను. 2024లో ప్రభుత్వం ఎంపిక చేసిన కాలేజీల్లో డిగ్రీతో పాటు బ్యాంకింగ్, ఇన్సూరెన్స్ నేర్పే బీఎఫ్ఎస్ఐ కోర్సు మొదలుపెట్టింది. మీరు ఏ కాలేజీకి వెళ్లినా అది ఉందా అని ముందే అడగండి. మేం చేరేటప్పటికి అది లేదు.

స్టార్లు ఇవ్వమంటే అయిదుకు నాలుగు. తగ్గించిన ఒక్కటీ ఆ రెండు గంటల ప్రయాణానికి. హైదరాబాద్ కాలేజీ నుంచి ఇప్పటికీ ప్రతి జూన్‌లో ఫోన్ వస్తుంది, సీట్లు అయిపోతున్నాయట. పోయినసారి ఫోన్ అమ్మాయే ఎత్తి, కలెక్షన్స్‌లో ఎంత జీతం ఇస్తున్నారని అడిగింది. అవతల పెట్టేశారు.