క్యాన్సర్‌కి పొడి అమ్మే ఆయన దగ్గరికి పోవద్దండి, కీమో మధ్యలో ఆపొద్దండి

అనంతపురం వాళ్ళకి ఆయన ఎవరో చెప్పే పని లేదు. బోర్డు మీద క్యాన్సర్, కిడ్నీ, షుగర్ అని వరసగా రాసుంటాది, ఆదివారం టోకెన్లు ఇస్తారు. పొద్దున అక్కడి నుంచే వచ్చినా, ఇంకా చేతులు వణుకుతున్నాయి.

మా చిన్నాయన కొడుక్కి 24 ఏళ్ళు. మెడలో బిళ్ళ కట్టింది, నొప్పి లేదు, సాయంత్రమైతే జ్వరం, రాత్రి చెమటకి పక్కబట్టలు తడిసిపోయేవి, మనిషి సగమైనాడు. ముందు టీబీ అనుకున్నారు. సూదితో తీస్తే ఏం తేలలేదు, గడ్డ మొత్తం తీసి బయాప్సీ చేస్తే హాడ్జ్‌కిన్ లింఫోమా, అంటే లింఫు గ్రంథులకి వచ్చే క్యాన్సర్, అని వచ్చింది. మెడలో, ఛాతీలో ఉంది, స్టేజ్ 2. బెంగళూరులో డాక్టరమ్మ ధైర్యం చెప్పింది, బాగా నయమయ్యే క్యాన్సర్లలో ఇదొకటి, ఈ స్టేజ్‌లో నూటికి 90 మందికి పైగా అయిదేళ్ళు దాటి బతుకుతారని. ఏబీవీడీ అని నాలుగు మందులు, 15 రోజులకోసారి ఎక్కిస్తారు, రెండుసార్లు ఎక్కిస్తే ఒక సైకిల్, అట్లా నాలుగు సైకిళ్ళు, ఆ తర్వాత రేడియేషన్.

రెండు సైకిళ్ళకే పెట్ స్కాన్ క్లీన్‌గా వచ్చింది. అయినా కోర్సు పూర్తి చెయ్యాల్సిందే, స్కాన్‌కి కనపడని కణాలు ఉంటాయి అని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

ఇక్కడే ఈయన దూరినాడు. ఆ నాలుగు మందుల్లో ఒకటి ఎర్రగా ఉంటాది, అది ఎక్కించిన రోజు మూత్రం ఎర్రగా వస్తాది, అది మందు రంగే, కానీ చిన్నమ్మ రక్తం అనుకోని హడలిపోయింది, పైగా వాంతులు, జుట్టు ఊడడం. ఎవరో చెప్తే ఈయన దగ్గర పొడి మొదలుపెట్టినారు. స్కాన్ రిపోర్ట్ చూసి ఏమన్నాడో తెలుసా, "గడ్డ కరిగింది మా పొడికే, ఇంక ఆ విషం ఎందుకమ్మా పిల్లోనికి" అన్నాడు. కీమో చేసిన పనిని తన ఖాతాలో వేసుకున్నాడు! తల్లి భయాన్ని ఆసరా చేసుకున్నాడు, చిన్నమ్మని నేను ఒక్క మాట అనను. కీమో ఆగిపోయింది. నెలకి 9 వేలు పొడికి, బిల్లు లేదు, ప్యాకెట్ మీద పేరు లేదు, బ్యాచ్ నంబర్ లేదు.

మళ్ళీ బిళ్ళ వచ్చింది, జ్వరం వచ్చింది. ఈరోజు పిల్లోన్ని తీసుకోని పోయి అడిగినాం. "నేనెప్పుడు క్యాన్సర్‌కి మందిచ్చినా? బలానికి పొడి అడిగినారు, ఇచ్చినా. కీమో ఆపమని నేను చెప్పినట్టు కాగితం ఉందా మీ దగ్గర?" అన్నాడు. ఆ బోర్డు కిందనే కూర్చోని! పిల్లోడు మెడకి టవల్ చుట్టుకోని ఎదురుగా ఉన్నాడు, ఆయన వాని ముఖం కూడా చూడలేదు, తర్వాతి టోకెన్ పిలిచినాడు. నా జన్మలో ఇంత కోపం ఎప్పుడూ రాలేదు.

సాయంత్రం డాక్టరమ్మకి ఫోన్ చేస్తే, మళ్ళీ బయాప్సీ చెయ్యాలంట, అదే జబ్బు తిరగబెట్టిందని తేలితే ఇంకా గట్టి కీమో, ఆపైన వాని మూలకణాలే తీసిపెట్టి మళ్ళీ ఎక్కించే ట్రాన్స్‌ప్లాంట్ దాకా పోవచ్చంట. బ్రెంటుక్సిమాబ్, నివోలుమాబ్ లాంటి మందులు కూడా ఉన్నాయంట కానీ చాలా ఖరీదు. దారులు మూసుకుపోలేదు అనింది, అదొక్కటే ధైర్యం. కానీ నాలుగు సైకిళ్ళతో, రేడియేషన్‌తో అయిపోవాల్సిన పిల్లోడండీ వాడు.

కీమో అంటే భయముంటే ఆ మాట డాక్టర్‌నే అడగండి. వాంతులకి మందులున్నాయి, ఏబీవీడీలో ఒక మందైన బ్లియోమైసిన్ ఊపిరితిత్తులకి పడకపోతే అది తీసేసి మిగతావి ఇస్తారు. డబ్బు సమస్య అయితే ఎన్టీఆర్ వైద్య సేవలో, అదే మన ఆరోగ్యశ్రీలో, కీమో, రేడియేషన్ రెండూ ఉన్నాయి. క్యాన్సర్ తగ్గిస్తామని బోర్డు పెట్టడమే నేరం, 1954 నుంచి చట్టం ఉంది. రేపు డ్రగ్ ఇన్‌స్పెక్టర్ ఆఫీసులో కంప్లైంట్ ఇస్తున్నా. ఆయన దగ్గర పొడి తీసుకున్నోళ్ళు ప్యాకెట్లు పారెయ్యకండి, డబ్బు పంపిన ఫోన్‌పే స్క్రీన్‌షాట్లు ఉంచుకోని నాకు మెసేజ్ పెట్టండి, కలిసి పోదాం.